తల తిప్పని తరగతి

పెన్సిలు మొనను బొటనవేలి గోటి మీద ఒకసారి గీసి చూసుకొని, చలపతి దానిని చొక్కా జేబులో నిలబెట్టాడు. యుద్ధానికి బయలుదేరే సామంతరాజు ఒరలో కత్తిని దోపుకునేటప్పుడు చూపే గాంభీర్యానికి ఆ చర్య ఏమాత్రం తీసిపోలేదు. కత్తి పొడవు మూడంగుళాలు కావడం ఒక్కటే లోటు. పెన్సిలు పక్కన పోస్టుకార్డంత తెల్లని అట్టముక్క చేరింది. దాని మీద ఆనాటి తేదీ గుండ్రని అంకెలలో అప్పటికే వేసి ఉంది. తేదీ కింద ఏమీ లేదు. ఆ ఖాళీని మధ్యాహ్నం పన్నెండు గంటల వరకు కాపాడుకోవడమే ఆనాటి దండయాత్ర లక్ష్యం.

ఆయనకు అరవై ఏడేళ్లు. పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగి ఉంటాయి గాని ముంజేతులు మాత్రం వయసును లెక్కచేయవు. ఇస్త్రీ చొక్కా, దాని మీద చేతులు లేని ఊలు స్వెటరు, ముక్కు మీద రెండు పొరల అద్దాలు. ఎడమచేతి చూపుడువేలి మొదట్లో అడ్డంగా ఒక తెల్లని కోత మచ్చ ఉంది. అదేమిటని ఎవరైనా అడిగితే చిన్ననాటిదని చెప్పడం ఆయన అలవాటు. అది చిన్ననాటిది కాదు.

భార్య భానుశ్రీ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చొని బూట్ల లేసులు కట్టుకుంటోంది. వృద్ధుల సంరక్షణాలయంలో నర్సు, ఉదయం షిఫ్టు.

“బీపీ మాత్ర వేసుకున్నారా?”

“వేసుకున్నా.”

“భుజం నొప్పో? జీపీ డాక్టరు దగ్గరికి పోదామంటే సోమవారం, సోమవారం అంటారు.”

“సోమవారం నించి నాకు ఆఫీసే లేదుగా భానూ. రోజూ పోదాం. ఆయన మనల్ని చూసి క్లినిక్ మూసుకునేదాకా పోదాం.”

“ఆఖరి రోజని జోకులు బానే పుడుతున్నాయి. ఒక్కళ్లు తలకాయ తిప్పారంటే మీ మొహం ఎలా అయిపోద్దో నాకు తెలీదూ!”

“ఇవాళ తిప్పరు.”

“కిందటి వారమూ ఇదే అన్నారు.”

“కిందటి వారం పాఠంలో పెళ్లి ఫోటో ఉంది. ఇవాళ కాలీఫ్లవర్ ఉంది.”

భానుశ్రీ చేతులు లేసుల మీదనే ఆగాయి.

“రాసేశారా? అమ్మయ్య. ఆ షెడ్డు పేరెత్తడానికి మీకు పదేళ్లు పట్టింది” అని, ముడి బిగించి లేచి వెళ్లిపోయింది. వెళ్తూ ఆయన స్వెటరు భుజం మీది నూలుపోగు ఒకటి తీసిపారేసింది.

ఈ దండయాత్ర ఎవరి మీదనో, అందులో కాలీఫ్లవర్ పాత్ర ఏమిటో చెప్పవలసి ఉంది. చలపతి పరదేశంలో, వెర్రిబీ అనే ఊళ్లోని ఒక చిన్న శిక్షణాలయంలో, కంప్యూటరుకు కొత్తవారైన తెలుగువారి కోసం పాఠాలు రాసే ఉద్యోగి. ఆయన నేర్పే విద్యలు రెండు. మొదటిది నల్లతెర విద్య: బొమ్మల మీద మౌసుతో నొక్కకుండా, ఖాళీ నల్లని తెర మీద అక్షరాలతో ఆజ్ఞలు రాసి కంప్యూటరు చేత పని చేయించడం. రెండవది గిట్ అనే సాధనం: ఒక ఫైలులో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో వరుసగా గుర్తుపెట్టుకొని, కావలసి వస్తే వెనకటి రూపాన్ని తెచ్చి చేతిలో పెట్టేది. ఈ రెండు విద్యల ఆసరాతో లోకంలో ఎందరెందరో ఆకాశహర్మ్యాల వంటి వస్తువులు నిర్మించారు. చలపతి ఏమీ నిర్మించలేదు. తనదని చెప్పుకోదగిన ప్రోగ్రాము ఒక్కటి కూడా ఆయన రాసి ఎరుగడు. రాసిందల్లా నూట పన్నెండు పేజీల తెలుగు చేతిపుస్తకం. అందులో ఎనిమిది పాఠాలు. వాటిలో ఏడు ఎప్పుడో లొంగిపోయాయి. మూడవది మాత్రం పదేళ్లుగా కోట తలుపులు వేసుకొని లోపల కూర్చుంది.

ద్వారాలు తెరుచుకోలేదని ఆయనకు చెప్పేది ఆ తెల్ల కార్డే. తరగతి జరిగేటప్పుడు చలపతి పాఠం చెప్పడు. వెనక కుర్చీలో కూర్చుంటాడు. విద్యార్థులు పుస్తకం చూసి తమంతట తాము పని చేసుకుంటారు. ఎవరైనా దిక్కుతోచక ఆయన కోసం తల వెనక్కి తిప్పితే, లేచి వెళ్లి దారి చూపి, తిరిగి వచ్చి కార్డు మీద ఒక గీత గీస్తాడు. ఆ గీత విద్యార్థి నేరానికి గుర్తు కాదు, పాఠం నేరానికి. మరునాడు ఆ తల ఏ వాక్యం దగ్గర తిరిగిందో ఆ వాక్యానికి మరణశిక్ష పడుతుంది. ఈ న్యాయస్థానానికి ఒకే ఒక చట్టం ఉంది. అది ప్రతి కార్డు వెనకా ఆయన చేతిరాతలోనే ఉంటుంది: “అడగడానికి తిరిగితే గీత. చెప్పడానికి తిరిగితే లేదు.”

ఇల్లున్న పాయింట్ కుక్ నుంచి వెర్రిబీకి ఆయన రెండు బస్సులు మారాలి. వసంతకాలం కావడం వల్ల మొదటి బస్టాపు దగ్గరి యూకలిప్టస్ చెట్టు మీద మాగ్‌పై పక్షి గూడు పెట్టి, ఆ దారిన పోయే ప్రతి తలనూ శత్రువు తలగా నిర్ణయించుకొంది. సైకిలు కుర్రాళ్లు హెల్మెట్లకు ప్లాస్టిక్ ముళ్లు కట్టుకొని తప్పించుకుంటున్నారు. చలపతి నల్ల గొడుగు విప్పి, దాని నీడలో ఛత్రచామరాలు గల ప్రభువులాగా తొందరపడకుండా నడిచాడు. చామరాల లోటును పక్షి రెక్కలు రెండుసార్లు తీర్చాయి. బస్సులో టికెట్టుకు బదులు మైకీ కార్డు తాకించి, కిటికీ పక్కన కూర్చొని, సంచిలోంచి పుస్తకం తీసి మూడవ పాఠం తెరిచాడు. పేజీ అడుగున చిన్న అంకె: నలభై ఒకటి. ఆ పాఠానికి అది నలభై ఒకటవ రూపం. ఇది గిట్ భద్రపరచిన లెక్క కనుక ఇందులో అతిశయోక్తికి చోటు లేదు.

శిక్షణాలయం వెర్రిబీలో రొట్టెల దుకాణం పైఅంతస్తు. బయటి వైపు ఇరవై రెండు ఇనుప మెట్లు. పద్నాలుగవ మెట్టు మీద చలపతి ఆగాడు. ఆగడానికి కారణం భుజం నొప్పి కాదనీ, దుకాణం బోర్డు మీది అక్షరాలను పరిశీలించడమేననీ లోకానికి తెలిసేలా మెడ వంచి కిందికి శ్రద్ధగా చూశాడు. బోర్డు మీద నిన్నటి అక్షరాలే ఉన్నాయి. లోకం ఆ సమయంలో మాంసం కూరిన మీట్ పైలు కొనుక్కుంటోంది. ఆయన ఊపిరి కూడదీసుకొని మిగిలిన ఎనిమిది మెట్లూ ఎక్కాడు.

మేనేజరు శ్రీకర్ తలుపు దగ్గరే ఎదురయ్యాడు. ముప్పై నాలుగేళ్ల కరీంనగర్ యువకుడు, మంచివాడు, మంచితనం వల్ల కలిగే ఇబ్బంది అతని ముఖంలో ఎప్పుడూ ఉంటుంది. చలపతి పదవీ విరమణ తరవాత శుక్రవారం తెలుగు తరగతికి మరొక గురువును పెట్టడానికి పైవారు ఒప్పుకోలేదు. తరగతి ఇక మీదట గురువు లేకుండానే నడవాలి. అయితే పుస్తకంతో, లేకుంటే కొని తెచ్చిన ఇంగ్లీషు వీడియోలతో. ఏది ఉండాలో తేల్చే పరీక్ష ఆనాడే.

“మల్ల ఒక్కసారి క్లియర్ చేస్కుందాం అంకుల్. మీరు వెనక కూసుంటరు. లేవరు, మాట్లాడరు. రెండు గంటలల్ల ఎవ్వరు హెల్ప్ అడగకుంట మూడో పాఠం దాటిన్రనుకోండి, బుక్కే ఉంచుత. లేకపోతే మండే నుంచి వీడియోలు.”

“ఒక్కళ్లు అడిగినా?”

“అట్లేం లేదు అంకుల్. ఒకరిద్దరు అడిగితే నేనేమంట? రెండు మూడు దాక చూద్దాం.”

“వద్దు శ్రీకర్. నీ మంచితనం నాకు తెలుసు గానీ వద్దు. ఒక్క తల తిరిగినా వీడియోలే పెట్టుకో.”

“అంత జిద్దు ఎందుకంకుల్?”

“జిద్దు కాదు నాయనా. సోమవారం నించి ఈ గదిలో వెనక్కి తిరిగితే కుర్చీ ఉంటుంది, నేనుండను. అప్పుడా ఒక్కళ్లు ఎవర్ని అడుగుతారు?”

శ్రీకర్ తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగాడు. మేనేజర్లకు ఇచ్చే శిక్షణలో ఇటువంటి ప్రశ్నలు రావు.

పది గంటలకు నలుగురు విద్యార్థులూ వచ్చారు. ఆరేళ్లుగా ఇంటి పట్టున ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరాలనుకుంటున్న సుమ. అన్నీ ముందే తెలుసనుకునే యూనివర్సిటీ విద్యార్థిని గీతిక. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే వెంకీ. వెంకీ నోటికి విశ్రాంతి తెలియదు.

“అంకుల్, ఇవాళ మీ పెన్సిల్‌కి ఆర్‌డీవో ఇచ్చేశాం. మా గోదాములో లీవ్ డే అంటే అదే! ఒక్క గీత కూడా పడదు.”

“నీ నోటికి కూడా ఇస్తే బాగుండు” అంది నాలుగవ విద్యార్థిని కోటమ్మ, మోకాళ్లు పట్టుకొని కుర్చీలోకి దిగుతూ. “అన్నయ్యగారూ, మీరట్టా ఎనక కూచుంటే నాకు ఈపు మండుద్ది. నిజంగా చెప్తన్నా. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ కూచున్నట్టు ఉంటది.”

“నేను పరీక్షించేది నిన్ను కాదమ్మా, పుస్తకాన్ని.”

“ఆ మాట నా ఈపుకి చెప్పండి.”

కోటమ్మకు యాభై నాలుగేళ్లు. వెర్రిబీ సౌత్ తోటల షెడ్డులో పదేళ్లుగా కూరగాయలు కోసి పెట్టెల్లో సర్దుతోంది. మోకాళ్లు అరిగిపోయాయి. ఆ షెడ్డు ఆఫీసులో, ఏ రోజు ఏ కూరగాయ ఎంత ఉందో వెబ్‌సైటులో మార్చే కుర్చీ పని ఖాళీ అయింది. గిట్ వస్తే ఇస్తామన్నారు. సోమవారం చేసి చూపించమన్నారు. కిందటి శుక్రవారం ఒక్క మూడవ పాఠంలో ఆమె తల పదకొండుసార్లు వెనక్కి తిరిగింది. చలపతి సామ్రాజ్య భవిష్యత్తంతా ఆ తెల్లవెంట్రుకల ముడి మీద ఆధారపడి ఉందంటే అది కేవలం వాస్తవం.

తరగతి మొదలయింది. కీబోర్డుల చప్పుడు గదిలో చినుకుల్లా పడసాగింది. ఈ దేశపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు; ఉత్తరపు కిటికీలోంచి వచ్చే ఎండ నాలుగు వీపుల మీద సమానంగా పరుచుకొంది. చలపతి వెనక కుర్చీలో, రాయడానికి వీలుగా చేతి పక్కన చెక్కపలక ఉన్న ఆ పాత కుర్చీలో కూర్చొని, కార్డును పలక మీద పెట్టి, పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

వీపులను చదవడం ఆయనకు పదేళ్ల విద్య. అర్థమైన వీపు కిందికి జారుతుంది. అర్థం కాని వీపు నిక్కబొడుచుకుంటుంది. అర్థం కాకపోయినా అయినట్టు నటించే వీపు, ముఖ్యంగా గీతిక వీపు, కుర్చీకి అంటదు. ఒకప్పుడు తన వీపు కూడా ఇలాగే ఎవరికో కనబడి ఉంటుందని ఆయనకు తెలుసు.

బందరులో ఒక పాలిటెక్నిక్‌లో ప్రయోగశాల సహాయకుడిగా గాజు గొట్టాలు కడిగిన మనిషి, భార్యకు వచ్చిన నర్సు వీసా వెంట యాభైవ ఏట ఈ దేశానికి వచ్చాడు. ఆరేళ్లు ఒక పనిలో ఉన్నాడు. దాని గురించి తరవాత. ఆ తరవాత సంఘ భవనంలో ఉచితంగా చెప్పే కంప్యూటరు తరగతిలో చేరాడు. అక్కడ ఒక కాగితం ఇచ్చారు. కాగితం మీద ప్రతి ఆజ్ఞకూ ముందు ఒక డాలరు గుర్తు అచ్చయి ఉంది. ఆజ్ఞ ఇక్కడ మొదలవుతుందని చూపించే గుర్తు అది; టైపు చేయకూడదు. ఆ సంగతి కాగితం రాసిన పండితుడికి తెలుసు, గదిలో మిగిలిన అందరికీ తెలుసు, చలపతికి తెలియదు. ఆయన డాలరును కూడా భక్తిశ్రద్ధలతో టైపు చేశాడు. అటువంటి ఆజ్ఞ లేదంది యంత్రం. మూడు వారాలు టైపు చేశాడు. మూడు వారాలూ యంత్రం మాట తప్పలేదు. నాలుగవ వారం పక్క కుర్చీలోని ఇటాలియన్ ముసలమ్మ ఒకతె వంగి చూసి, ఆ డాలరు మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపింది. మూడు వారాలుగా తాను మొద్దునని నమ్ముతున్న మనిషికి, మొద్దు ఆ కాగితమని ఆ క్షణంలో తెలిసింది. ధర్మయుద్ధాలు ఇంతకంటే చిన్న కారణాలతో మొదలైన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి.

ఆయన పుస్తకంలో డాలరు గుర్తు ఎక్కడా ఉండదు. మరొక చోట, ఒక పాత బ్యాచి వారు “ఇక్కడ మీ పేరు” అన్న నమూనాను ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో దింపినందువల్ల, ఆ ఆరుగురు చేసిన పనులన్నీ గిట్ చరిత్రలో యువర్ నేమ్ అనే ఒకే మహానుభావుడి పేరున నమోదయ్యాయి. ఆ వాక్యం కూడా పోయింది. మొదటి పాఠంలో మొదటి మాటే ఇది: “నల్లతెర పని సవ్యంగా చేస్తే ఏమీ మాట్లాడదు. తప్పు జరిగితేనే మాట్లాడుతుంది. మౌనం చూసి భయపడకండి. మౌనమంటే సరే అని.” ఈ మూడు వాక్యాల వల్ల ఎన్ని తలలు తిరగకుండా ఉండిపోయాయో లెక్క లేదు. తిరగని తలలకు లెక్క ఉండదు. ఆయన కీర్తి అంతా ఆ లెక్కలేని చోటనే ఉంది.

పది గంటల యాభై నిమిషాలకు నలుగురూ ఇంచుమించు ఒకేసారి మూడవ పాఠం తెరిచారు. చలపతి పెన్సిలు మీద వేళ్లు బిగిశాయి.

మూడవ పాఠంలోని చిక్కు ఇది. ఫైలులో మార్పు చేసి దాచుకున్నాక, గిట్‌కు రెండు ఆజ్ఞలు విడివిడిగా ఇవ్వాలి. మొదట యాడ్, తరవాత కమిట్. ప్రతి బ్యాచిలో, ప్రతి మనిషీ, ఇక్కడే తల తిప్పి ఒకే ప్రశ్న అడిగారు: దాచేశాం కదా, మళ్లీ ఈ రెండు మెట్లు ఎందుకు? చలపతి పోస్టాఫీసుతో పోల్చాడు, నాలుగు గీతలు. పెళ్లి ఫోటోతో పోల్చాడు, వేదిక మీదికి పిలవడం యాడ్, ఫోటో తీయడం కమిట్ అన్నాడు, సుమ తల తిప్పి “మరి ఫోటో ఎక్కడుంది అంకుల్?” అని అడిగింది. బ్యాంకు లాకరు, రైలు పెట్టె, రేషను దుకాణం, అన్నీ వచ్చి ఓడిపోయి వెళ్లాయి. నలభై రూపాలు నేలకూలాయి. సరైన పోలిక మాత్రం మొదటి రోజు నుంచీ ఆయన ఎడమ చూపుడువేలి మీదనే ఉంది.

ఆ ఆరేళ్లూ ఆయన చేసిన పని కాలీఫ్లవర్ పువ్వులు సర్దడం. కోటమ్మ పని చేసే షెడ్డులోనే, ఆమె రాక ముందు. తెల్లవారుజామున చలిలో వంగి, కత్తితో మొదలు కోసి, ఆకులు కత్తిరించి, పెట్టెలో పేర్చి, మూత వేసి, చీటీ అంటించేవాడు. అది తక్కువ పని అని ఎవరూ అనలేదు. ఆయనే అనుకున్నాడు. విద్య చెప్పే మనిషి చేతిలో కాలీఫ్లవర్ కత్తి కనబడితే విద్యకు మర్యాద తగ్గుతుందేమోనని, ఆరేళ్ల జీవితాన్ని పాఠంలోకి రానివ్వకుండా గుమ్మం బయట నిలబెట్టాడు. ఆ మర్యాదకు అయిన ఖర్చు పదేళ్ల గీతలు. కిందటి శుక్రవారం కోటమ్మ పదకొండవసారి తల తిప్పి, “నాకింక రాదులెండి అన్నయ్యగారూ, నా చేతికి పెట్టెలే రాసిపెట్టి ఉన్నాయి” అన్నప్పుడు, ఆయన తన వేలి మచ్చ వైపు చూసుకున్నాడు. మంగళవారం నాటికి నలభై ఒకటవ రూపం పూర్తయింది. అది ఇలా ఉంది:

“ఈ పాఠం రాసినవాడు ఆరేళ్లు షెడ్డులో కాలీఫ్లవర్ సర్దాడు. అక్కడ నేర్చిందే ఇక్కడ రాస్తున్నాడు. తోటలో కోసిన పువ్వులన్నీ ఒకే పెట్టెలోకి వెళ్లవు. ఈ పెట్టెలోకి ఏవి వెళ్లాలో మీరు ఎంచి పెడతారు. అది యాడ్. ఇంకా మూత వేయలేదు; కావాలంటే ఒక పువ్వు తీసి మరొకటి పెట్టవచ్చు. మూత వేసి చీటీ అంటిస్తే అది కమిట్. చీటీ మీద ఏమి పెట్టారో, ఎందుకు పెట్టారో రాయండి. చీటీ లేని పెట్టెను లారీవాడు ఎక్కించుకోడు. గిట్ కూడా ఎక్కించుకోదు.”

గీతిక వీపు ముందుగా కుర్చీకి ఆనింది. సుమ వేళ్లు ఆగి, మళ్లీ కదిలాయి. వెంకీ నోటితో ఏదో పాట ఊదుతూ పేజీ తిప్పాడు. కోటమ్మ చదువుతోంది. వేలు వాక్యం కింద పెట్టి, పెదవులు కదిలిస్తూ చదువుతోంది. వేలు ఒకచోట ఆగింది. ముడి కొంచెం కుడి పక్కకు కదిలింది.

చలపతి పెన్సిలు మొన కార్డుకు ఆనింది.

కోటమ్మ భుజాలు ఒక్కసారి ఎగిరి పడ్డాయి. నవ్వుతోంది. కుడిచెయ్యి పైకి లేచి జారిన జడపిన్నును ముడిలోకి గుచ్చి, మళ్లీ కీబోర్డు మీదికి దిగింది. “ఓసి దీని దుంపతెగ, ఇది మన పెట్టేనా!” అని తెరతోనే అంది. ఆ తరవాత ఆమె రెండు చేతులూ, పదేళ్ల వేగంతో, పనిలో పడ్డాయి.

చలపతి పెన్సిలును కార్డు మీది నుంచి ఎత్తాడు. మొన తాకిన చోట గీత పడలేదు. ఎడమ భుజంలోని బరువు ఇప్పుడు ఛాతీ మీదికి వచ్చి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, తొందర లేకుండా పేరుకుంటోంది. పిలవవచ్చు. పిలిస్తే నాలుగు తలలూ తిరుగుతాయి. ఆయన నాలుగు వీపుల వైపూ చూశాడు. నాలుగూ కిందికి జారి, కుర్చీలకు ఆని, సుఖంగా ఉన్నాయి. ఎండ వాటి మీద నుంచి మెల్లగా నేల మీదికి దిగుతోంది. బందరు గాజు గొట్టాలూ, వెర్రిబీ పెట్టెలూ, నలభై ఓటములూ కలిసి నిర్మించిన ఆ దృశ్యాన్ని ఏ చక్రవర్తి కోట బురుజు మీద నుంచి చూసినా ఇంతకంటే నిండుగా చూసి ఉండడు. పెన్సిలును కార్డు మీద అడ్డంగా పెట్టి, అద్దాలు సరిచేసుకొని, వెనక్కి వాలాడు.

గది చినుకుల చప్పుడులో అలాగే సాగింది.

పదకొండు గంటల నలభై నిమిషాలకు కోటమ్మ పూర్తిగా వెనక్కి తిరిగింది. అడగడానికి కాదు.

“అన్నయ్యగారూ, మూత ఏసి చీటీ అంటించేశా! ఒక్కదాన్నే!”

చలపతి గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. కార్డును చదువుతున్న మనిషిలా ఉన్నాడు. ఏమీ మాట్లాడలేదు. కోటమ్మ ఒక క్షణం చూసింది. మొదటి పాఠం ఆమెకు కంఠతా వచ్చు. మౌనమంటే సరే అని. తృప్తిగా ముందుకు తిరిగి నాలుగవ పాఠం తెరిచింది.

పన్నెండింటికి శ్రీకర్ తలుపు తీశాడు. గదిలో అతడొక్కడే వెనక కుర్చీ వైపు ముఖం ఉన్నవాడు కనుక, అతడే ముందుగా తెలుసుకున్నాడు.

అంబులెన్సు వారు వచ్చారు. తొందరపడవలసిన అవసరం లేదని వారి నడకే చెప్పింది. గంట క్రితమే అయి ఉంటుందన్నారు. సంశయాత్ములు కొందరు అడగవచ్చు: ఆ గంటలో తలలు తిరిగి ఉంటే చూసేదెవరు, గీసేదెవరు అని. అందుకు నలుగురు సాక్షులున్నారు. సుమ తిప్పలేదు. గీతిక తిప్పలేదు; తిప్పవలసిన అవసరం తనకు రాలేదని మొదటిసారి నిజంగానే చెప్పింది. వెంకీ గోడకు ఆనుకొని నిలబడి, చేతిలోని పుస్తకాన్ని గట్టిగా చుట్టచుట్టి పట్టుకున్నాడు.

“ఒక్కళ్లమన్నా తిరిగి చూస్తే బాగుండేది ఆంటీ. ఒక్కసారన్నా.”

“తిరిగితే ఆయనకి గీత పడేది గదరా” అంది కోటమ్మ. “నేను తిరిగా. అయిపోయిందని చెప్పా. ఆయన ఊరుకున్నాడు. సరే అన్నాడనుకున్నా.” కొంగుతో ముఖం తుడుచుకొని, “సరేనే అన్నాడులే” అని తనకు తాను చెప్పుకొంది.

శ్రీకర్ వరండాలో నిలబడి ఫోనులో పైవారితో మాట్లాడుతున్నాడు. మంచితనం వల్ల కలిగే ఇబ్బంది ఆ రోజు అతని గొంతులో లేదు. “లేదు సర్, వీడియోస్ వద్దు. నో సర్. మాట ఇచ్చిన. బుక్కే ఉంటది.”

భానుశ్రీ షిఫ్టు బట్టలలోనే వచ్చింది. ఇరవై రెండు మెట్లూ ఆగకుండా ఎక్కింది. చాలామందికి చేసిన పనే కనుక, ఆయన చేతిని పట్టుకొని మణికట్టు మీద వేళ్లు పెట్టి, అవసరం లేకపోయినా, ఒక నిమిషం అలాగే ఉంది. తరవాత ఆయన అద్దాలు తీసి మడిచి తన జేబులో పెట్టుకొంది. సంచి తీసుకొంది. తలుపు మూల నుంచి నల్ల గొడుగు తీసుకొంది. చివరికి కుర్చీ పలక వైపు చూసింది.

“ఎన్ని?” అని అడిగింది.

“ఒక్కటి లేదు ఆంటీ” అన్నాడు శ్రీకర్.

ఆమె కార్డును చేతిలోకి తీసుకొని ముందూ వెనకా చూసింది. వెనక వైపు చట్టాన్ని చదివింది. ముందు వైపు చదవడానికి ఏమీ లేదు గాని, ఎక్కువసేపు చూసింది దాన్నే. “చెప్పారు పొద్దున్నే, ఇవాళ తిప్పరని” అంది. ఆ గొంతులో దుఃఖం కంటే ముందు వచ్చి నిలబడింది గర్వం. కార్డును సంచిలో పెట్టుకోబోయి, ఆగి, అది ఇంటిది కాదని నిర్ణయించుకొన్నట్టు, ఉన్నచోటనే ఉంచి మెట్ల వైపు నడిచింది.

సోమవారం ఉదయం కోటమ్మ షెడ్డు ఆఫీసులో కుర్చీ లాక్కొని కూర్చొని, నల్లతెర మీద తన మొదటి పెట్టెకు చీటీ అంటించింది: “కాలీఫ్లవర్ లెక్క మార్చాను, కొత్త కోత వచ్చింది కాబట్టి.” తెర ఒప్పుకొంది. పక్కన ఎవరూ లేరు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

రొట్టెల దుకాణం పైఅంతస్తులో, ఎవరూ కూర్చోని ఆ వెనక కుర్చీ పలక మీద, మూడంగుళాల పెన్సిలు కింద, తేదీ వేసిన తెల్లని కార్డు ఒక్క గీత కూడా లేకుండా ఉంది.